చదివితే చెడిపోతారు

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్ వేసుకునే ముందు దాని వాడుక షరతులు చదవాలని ఈమధ్య కొందరు ప్రచారం మొదలుపెట్టారు. కాజీపేట నుంచి భూపాలపల్లి దాకా ఉన్న సమస్త ప్రజానీకం తరఫున ఈ ప్రచారాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం. మనకు చదివే అలవాటు లేక కాదు. చిట్టీ ఎత్తుకున్న బామ్మర్దికి జమానతు సంతకం పెట్టమంటే హన్మకొండలో ఏ సారైనా కాగితం వెనకా ముందూ తిప్పి చూస్తాడు. బామ్మర్ది కట్టకపోతే తన జీతంలో నెలకెంత కోస్తారో, ఎన్నాళ్ళు కోస్తారో అడుగుతాడు. చివరికి "ఇంట్ల అడిగి చెప్త" అని లేచిపోతాడు. చదివే శక్తికి లోటు లేదు. దాన్ని బ్రౌజర్ మీద తగలెయ్యొద్దన్నదే మా మనవి.

ప్రపంచం మన పక్షానే ఉంది. 2017లో పర్పుల్ అనే బ్రిటిష్ కంపెనీ తన ఉచిత వైఫై షరతుల్లో 1,000 గంటల సమాజసేవ చెయ్యాలని, అందులో మరుగుదొడ్లు కడగడం కూడా ఉంటుందని తమాషాకు రాసిపెట్టింది. రెండు వారాల్లో 22,000 మంది ఒప్పుకున్నారు. పసిగట్టింది ఒక్కరే. అంతకు ముందు 2008లో కార్నెగీ మెలన్ పరిశోధకులు లెక్క కట్టారు: ఒక మనిషి ఏడాదిలో తాను చూసే సైట్లన్నిటి ప్రైవసీ పాలసీలు చదవాలంటే సుమారు 244 గంటలు పడుతుంది. అంటే పది పగళ్ళు, పది రాత్రులు, మధ్యలో చాయ్ లేకుండా.

అయినా పట్టుబట్టి చదివితే ఏమవుతుంది? మొట్టమొదట, కాగితం ఒకటి కాదని తెలిసిపోతుంది. మొజిల్లా సంస్థ ఇచ్చే ఫైర్‌ఫాక్స్‌నే తీసుకోండి. దాని సోర్స్‌కోడ్‌కు, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలానికి, మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ 2.0 వర్తిస్తుంది. దాని కింద కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మార్చిన ఫైళ్ళను బయటికి ఇస్తే వాటి సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. "ఓపెన్ సోర్స్ కదా, ఇంకా షరతులేంది?" అని మన ఇంజినీరింగ్ పిల్లలు ధీమాగా అడిగేది ఇక్కడే. అయితే మనం దించుకునేది సోర్స్‌కోడ్ కాదు, మొజిల్లా తయారుచేసి పెట్టిన ప్రోగ్రాం. దానికి వాడుక షరతులు వేరే ఉన్నాయి. ఆ ప్రోగ్రాం మన దగ్గర్నుంచి ఏమేం పంపుతుందో చెప్పే ప్రైవసీ నోటీసు మూడోది. పేరు, నక్క బొమ్మ ట్రేడ్‌మార్కులు, వాటి నియమాలు నాలుగోది. ఈ నాలుగోదాన్ని చిన్నచూపు చూడొద్దు. కోడ్ మార్చుకోవచ్చు గానీ మార్చినదాన్ని మా పేరుతో ఇవ్వడానికి మా అనుమతి కావాలని మొజిల్లా అంటే, డెబియన్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వాళ్ళు 2006లో బ్రౌజర్ పేరే ఐస్‌వీజిల్ అని మార్చుకున్నారు. రాజీ కుదిరి పాత పేరు తిరిగి వచ్చేసరికి 2016 అయింది.

తర్వాతి ప్రమాదం కోపం. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటాక, 2025 ఫిబ్రవరి ఆఖర్లో, మొజిల్లా ఇదే మొదటిసారి అంటూ దానికి వాడుక షరతులు రాసింది. మీరు ఫైర్‌ఫాక్స్‌లో ఎక్కించే, టైపు చేసే సమాచారాన్ని వాడుకోవడానికి రాయల్టీ లేకుండా, ప్రపంచమంతటా చెల్లే లైసెన్స్ మాకు ఇస్తున్నారు అన్నది అందులో ఒక వాక్యం. మీరు కోరినట్టు వెబ్‌లో తిరగడానికి సాయపడేందుకే అని వెనకే ఉంది, కానీ అప్పటికే చదివినవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. అదే సమయంలో "మీ డేటా ఎప్పుడూ అమ్మలేదు, ఎప్పుడూ అమ్మం" అన్న పాత హామీ కూడా సైటులోంచి మాయమైంది. రెండు రోజుల్లో వాక్యం మార్చారు: మీరు అడిగిన పని చేయడానికే ఈ హక్కు, మీరు రాసినదాని మీద మాకు యాజమాన్యం రాదు అని. హామీ తీసెయ్యడానికి కారణమూ చెప్పారు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల చట్టాల్లో, డబ్బే కాకుండా విలువైన మరేదైనా తీసుకుని డేటా ఇచ్చినా అమ్మకం కిందికే వస్తుందట. అది నిజమే. మరి ఆ ఇరవై ఏళ్ళూ మనం టైపు చేసిన అక్షరాలను ఏ లైసెన్సూ లేకుండా అడ్రస్ బార్ నుంచి వెబ్‌సైటు దాకా మోసుకుపోయిన బ్రౌజర్ పాపం ఎంత నేరం చేసిందో!

గూగుల్ ఈ పాఠం 2008 సెప్టెంబరులోనే నేర్చుకుంది. క్రోమ్ విడుదలైన రోజు షరతుల్లో 11వ సెక్షన్ చదివినవాళ్ళకు గుండె గుభేలుమంది: క్రోమ్ ద్వారా పంపేదాన్నంతా శాశ్వతంగా, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా, మార్చి ప్రచురించుకునే హక్కు గూగుల్‌కు ఇచ్చేస్తున్నామని. అన్ని సేవలకూ ఒకే షరతుల కాగితం వాడే అలవాటు వల్ల ఇలా అయిందని చెప్పి వెంటనే సవరించారు. పాత దస్తావేజు నకలు తీసి పేర్లు మార్చడం రిజిస్ట్రేషన్ ఆఫీసు బయటే జరుగుతుందని మనం అనుకుంటాం. ఇప్పుడు క్రోమ్‌కు గూగుల్ సాధారణ షరతులు, వాటి మీద క్రోమ్ అదనపు షరతులు, రెండూ వర్తిస్తాయి.

పూచీ భాగం చదివితే మరీ దిగులు. ఉచిత బ్రౌజర్ "ఉన్నది ఉన్నట్టుగా" ఇస్తారు. పనిచేస్తుందన్న హామీ లేదు. ఫారం నింపుతుండగా ఆగిపోయి చివరి తేదీ దాటిపోతే బాధ్యత లేదు. తగాదా వస్తే కాలిఫోర్నియా చట్టం. గూగుల్ అయితే శాంటాక్లారా కౌంటీ కోర్టులు. హన్మకొండ అదాలత్ సెంటర్లో ఆటోవాణ్ణి అడిగితే రానంటాడు. వినియోగదారుల కమిషన్‌కు పోదామా? 2019 చట్టం మనం ఉండే చోటే ఫిర్యాదు చేసే వీలు కల్పించింది, నిజమే. కానీ అదే చట్టం ఉచితంగా ఇచ్చే సేవను సేవ కిందే లెక్కించదు.

ఉచితం ఎలా గిట్టుబాటు అవుతుందన్న సంగతి మాత్రం షరతుల్లో ఎంత వెతికినా దొరకదు. అది అమెరికా కోర్టు రికార్డుల్లో ఉంది. బ్రౌజర్లలో, ఫోన్లలో మొదటి సెర్చ్ ఇంజన్‌గా కూర్చోవడానికి గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. మొజిల్లా రాబడిలో పెద్ద భాగం ఆ సొమ్మే. మన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్, సెర్చ్ ముందే కూర్చుని వస్తున్న వ్యవహారం మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మనం సెర్చ్ పెట్టెలో "మిర్చి రేటు ఎనుమాముల" అని కొట్టడానికి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే రేపటి నుంచి కూలి అడుగుతాం. అందుకే తెలియకపోవడమే మంచిది.

ఇప్పుడు అసలు హెచ్చరిక. షరతులు చదివితే చదవండి, అలిసిపోయి పడుకుంటారు, నష్టం లేదు. సెట్టింగ్స్‌లోకి మాత్రం పోవద్దు. షరతుల్లో అక్షరం మార్చాలంటే లాయర్లు కూర్చోవాలి. సెట్టింగ్స్‌లో టిక్కు ఒక అప్‌డేట్‌తో వచ్చి కూర్చుంటుంది. 2024 జులైలో ఫైర్‌ఫాక్స్ 128లో ప్రకటనల ఫలితాన్ని కొలిచే ఏర్పాటు ఒకటి, టిక్కు ముందే పెట్టి ఇచ్చారు. యూరప్‌లో దాని మీద ఫిర్యాదు కూడా నడిచింది. కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో కుడివైపు మూడు గీతలు నొక్కి, సెట్టింగ్స్, అక్కడి నుంచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అక్కడి నుంచి కిందికి జరుపుకుంటూ డేటా కలెక్షన్ అన్న చోటికి వెళ్ళకండి. వెళ్ళి, సాంకేతిక సమాచారం పంపే టిక్కు తీసేస్తే పాత డేటాను 30 రోజుల్లో తుడిచేస్తామని బ్రౌజరే చెప్తుంది. పాపం, ఇన్నాళ్ళుగా కూడబెట్టుకున్నది.

అడ్రస్ బార్ విషయం అంతకన్నా చిన్నది, అంతకన్నా గట్టిది. సెర్చ్ సూచనలు ఆన్‌లో ఉంటే ఎంటర్ కొట్టక ముందే, మీరు కొట్టిన అక్షరాలు కొట్టినట్టు సెర్చ్ ఇంజన్‌కు పోతుంటాయి. సూచనలు రావాలంటే అవి పోక తప్పదు మరి. ఇంటర్నెట్ సెంటర్లో ఆధార్ నంబరును, ఫోన్ నంబరును కాపీ చేసి పొరపాటున అడ్రస్ బార్‌లో పేస్ట్ చేయడం రోజూ చూసేదే. దీన్ని ఆపాలంటే ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, సెర్చ్, అక్కడ సెర్చ్ సజెషన్స్ టిక్కు తీయాలి. క్రోమ్‌లో సెట్టింగ్స్‌లో గూగుల్ సర్వీసెస్ అని ఉన్న చోట సెర్చ్ సూచనలను మెరుగుపరిచే స్విచ్చు ఆపాలి. ఆపితే మనం వెతికేది పూర్తిగా మనమే టైపు చేసుకోవాలి. ఈ కష్టం ఎవరికి కావాలి?

ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే ఎవరికీ కనపడమన్న నమ్మకం ఒకటి మన కుర్రాళ్ళలో గట్టిగా ఉంది. అది ఆ కంప్యూటర్లో చరిత్ర మిగలకుండా చూస్తుంది, అంతే. సైట్లు చూస్తాయి, కాలేజీ వైఫై చూస్తుంది. అమెరికాలో 2020లో దీని మీద వేసిన దావా 2024లో రాజీకి వచ్చినప్పుడు, వందల కోట్ల రికార్డులు నాశనం చేస్తామని గూగుల్ ఒప్పుకుంది. ఏమీ దాచకపోతే నాశనం చేసినవి ఏమిటని అడిగేవాళ్ళు చదువుకున్నవాళ్ళే అయి ఉంటారు. చూశారా చదువు ఎంత పనిచేస్తుందో.

బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్ల దగ్గర షరతు ఒకే వాక్యం: మీరు చూసే అన్ని సైట్లలోని డేటాను ఇది చదవగలదు, మార్చగలదు. పేజీలకు పేజీలు రాసిన లాయర్లు అడగడానికి జంకే హక్కు ఇది. బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. ద గ్రేట్ సస్పెండర్ అని ఎక్కువ ట్యాబులతో మెమరీ నిండకుండా చూసే మంచి ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది. యజమాని 2020లో దాన్ని ఇంకొకరికి అమ్మాడు. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ (హాని చేసే కోడ్) ఉందని గూగుల్ తీసేసింది. వేసుకున్నవాళ్ళు ఒప్పుకున్నది పాత యజమానిని చూసి, అనుమతి చెల్లింది కొత్తవాడికి.

పరకాలలోనో నర్సంపేటలోనో జిరాక్స్ సెంటర్‌కు పోతే ఈ శాస్త్రమంతా ఒక్క నిమిషంలో ప్రయోగంగా కనిపిస్తుంది. "నొక్కాల్నా బిడ్డా?" "నొక్కు బాపూ, ఏం కాదు." ఆ కంప్యూటర్లో క్రోమ్ ప్రొఫైల్ ఒకటే. పొద్దున వచ్చినాయన జీమెయిల్‌తో లాగిన్ అయి, సింక్ (అన్ని పరికరాల్లో ఖాతా సమాచారం ఒకేలా ఉంచడం) అడిగితే సరే అని, అలాగే వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వచ్చినావిడ పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అంటే సరే అంది. ఆ పాస్‌వర్డ్ పొద్దుటాయన ఖాతాలోకి చేరింది. సాయంత్రానికి ఆయన ఇంట్లో ఫోన్లో కూడా ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో సగం మండలం ఆధార్లు, పాస్‌బుక్కులు. షరతుల ప్రకారం ఖాతా భద్రతకు వాడుకునేవాడిదే బాధ్యత, కాబట్టి తప్పు ఎవరిదీ కాదు. పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ అని ఎంచుకుంటే, కిటికీ మూయగానే చరిత్ర, లాగిన్లు అన్నీ పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్ళను మాత్రం చేత్తో తీసేయాలి. ఇలా చేస్తే తర్వాతి మనిషికి ముందటి మనిషి సంగతులు తెలియవు, సెంటర్లో కాలక్షేపం తగ్గుతుంది.

ఇన్నిటి మధ్య కేంద్రం ఒక ఇబ్బంది తెచ్చిపెట్టింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, దేనికన్నది తెలిసి ఇచ్చినదై ఉండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల డేటాకు అమ్మానాన్నల సమ్మతి కావాలి, పిల్లవాడే అమ్మ ఫోన్లో అన్నీ నొక్కిపెట్టే మన ఇళ్ళలో ఇది ముచ్చటైన నియమం. డేటాను కాపాడలేని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. ఆ డబ్బు డేటా పోయినవాడికి రాదు, భారత సంచిత నిధికి పోతుంది. ఉత్తుత్తి ఫిర్యాదు చేసిన పౌరుడికి మాత్రం 10,000 దాకా సొంత జేబులోంచి.

వీటితో మనకు పేచీ లేదు. పేచీ అంతా ఇంకో నిబంధనతో. డేటా తీసుకునే ముందు ఇచ్చే నోటీసును, కోరినవాళ్ళకు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలట. అందులో తెలుగు ఉంది. "అంతా ఇంగ్లీషుల ఉన్నది సార్, ఏం సమజైతది" అని ఇన్నాళ్ళూ చెప్పుకున్న మాట ఇక చెల్లదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, నోటీసు సంగతికి 18 నెలల గడువిచ్చారు. కొత్త సాకు వెతుక్కోవడానికి 2027 మే దాకా టైముంది.