ఉప్పు టీ

ఆదివారం వంటగది సర్దిన ఇంట్లో సోమవారం పొద్దుటి టీ మీద ఆశ పెట్టుకోకూడదు. పంచదార డబ్బా, ఉప్పు డబ్బా ఒకే సైజు స్టీలువి, పక్కపక్కనే ఉంటాయి. తుడిచి పెట్టేటప్పుడు ఎడమది కుడికి పోయింది. మూతల మీద చీటీలున్నాయి గానీ ఆరింటికి, పాలు పొంగుతాయేమోనని కన్ను పొయ్యి మీద ఉన్నప్పుడు, ఎవరు చదువుతారు? చెయ్యి దానంతటదే రెండో అర ఎడమ చివరకి వెళ్లింది. రెండు కప్పులకి మూడు చెంచాలు.

కొత్త కోడలైతే చీటీ చదివి తీసేది. ముప్పై ఏళ్లుగా అదే వంటగదిలో తిరుగుతున్న అత్తగారికే ఇలా జరుగుతుంది. పైగా "డబ్బాలెవరు మార్చారూ?" అని కేక. మార్చింది ఆవిడే.

మనిషికి చెప్పకుండా చేతులు కొన్ని సంగతులు దాచుకుంటాయి. జెనీవా వైద్యుడు క్లాపరేడ్ ఒక మతిమరుపు రోగితో, వేళ్ల మధ్య గుండుసూది దాచి కరచాలనం చేశాడు (1911లో రాసుకున్నాడు). తర్వాత ఆమెకి సూది సంగతి గుర్తు లేదు, చెయ్యి మాత్రం ఇవ్వనంది. కారణం అడిగితే సరిగా చెప్పలేకపోయింది.

బొమ్మలున్న డబ్బాలది ఇంకో గొడవ. పాలు తాగే పిల్లాడి బొమ్మ ఉన్న డబ్బాలో ఇడ్లీ కారం పోసి, పైన స్కెచ్ పెన్నుతో "కారం" అని రాస్తారు. నిద్రమొహంతో వచ్చినవాడు బొమ్మ చూసి రెండు చెంచాలు పాలల్లో వేసుకుంటాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. 1967లో షెపర్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 600 పైచిలుకు బొమ్మలు ఒక్కోసారే చూపించి పరీక్షిస్తే, జనం నూటికి 95కి పైగా గుర్తుపట్టారు. రాసిన మాటలు చూపించినప్పుడు అంత బాగా గుర్తుపట్టలేదు.

అందుకని చీటీలు పెద్దవి చేసినంత మాత్రాన సరిపోదు, ఆకారం మార్చాలి. ఉప్పు జాడీలోకి, అందులో చెక్క చెంచా. సీసా మీది బొమ్మ కాగితాన్ని వేణ్ణీళ్లలో నానబెట్టి గీకెయ్యాలి. రేకు మీద అచ్చైన బొమ్మ గీకినా పోదు, ఆ డబ్బాలో తినేవి పోయకండి. పంచదార చోటు మారిస్తే, పాత చోట వారం రోజులు ఏమీ పెట్టకూడదు. ఖాళీ అర తడిమితేగానీ చెయ్యి మనిషిని నిద్ర లేపదు.

ఉప్పు పడ్డ టీకి విరుగుడు లేదు, పారబోసి మళ్లీ పెట్టుకోవడమే. డబ్బాలు ఆ సాయంత్రమే పాత చోటికి చేరాయి. మావగారు మాత్రం ఇప్పటికీ కప్పు అందుకోగానే ముందు నాలిక కొసతో చూస్తారు. ఎందుకండీ అంటే, "ఏం లేదు, వేడిగా ఉందేమోనని."