గాల్లో గంటన్నర గారికి

గౌరవనీయులైన విమాన ప్రయాణ సమయం గారికి,

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ నుంచి నమస్కారాలు.

ఫోన్‌లో దూరాలు లెక్కగట్టే సైటు తెరిచి సిరొంచ, ముంబై అని రెండు పేర్లు కొడితే చాలు, తమరు ప్రత్యక్షం. దూరం సుమారు 745 కిలోమీటర్లు, విమానంలో గంటన్నర లోపే! చల్లని మాట చెప్పారు. ఎక్కేది ఎక్కడో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి. మా ఊళ్లో విమానాశ్రయం సంగతి అటుంచండి, రైలు పట్టా కూడా లేదు.

తమరి లెక్క తెలియనిది కాదు. రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని, భూమి గుండ్రంగా ఉందని గుర్తుపెట్టుకుని మరీ మధ్యలో అతి దగ్గరి వంపు గీస్తారు. దాన్ని గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతారు. భూమి గుండ్రమని గుర్తున్న మీకు, దాని మీద ఆలపల్లి రోడ్డు ఉందని మాత్రం గుర్తుండదు.

మా రాష్ట్రంలో మాకు దిక్కు నాగపూర్ విమానాశ్రయం. మీ గీత ప్రకారం 270 కిలోమీటర్లే. మేమేమో తెల్లారకముందే ఎర్ర ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సెక్కి, ఆలపల్లి అడవి దాటి, జిల్లా కేంద్రం గడ్చిరోలి చేరేసరికే రెండు వందల కిలోమీటర్ల దాకా అవుతుంది. నాగపూర్ ఇంకా అవతలే. గుంత వచ్చినప్పుడల్లా వెనక సీటువాళ్లం గాల్లోకి లేస్తాం. ఓసారి టిఫిన్ డబ్బా మూత ఊడి, నా పులిహోరంతా పక్కాయన తెల్ల ధోతీలో ల్యాండయింది. ఆయన మరాఠీలో తిట్టింది నాకు తెలుగులోనే అర్థమైంది.

రెండో దారి గోదావరి దాటడం. ఒకప్పుడు పడవే గతి, ఇప్పుడు వంతెన ఉంది, కాదనను. కాళేశ్వరం, భూపాలపల్లి, వరంగల్ మీదుగా హైదరాబాద్ పోయి, శంషాబాద్‌లో విమానం ఎక్కాలి. మా రాజధానికి మేం పోవాలంటే పక్క రాష్ట్రం రాజధానికి మొక్కిపోవాలన్నమాట! పైగా విమానానికి రెండు గంటల ముందే ఉండమంటారు. వానాకాలంలో వాగులు పొంగితే ఆ టెన్షన్ వేరు. వీటిలో ఒక్క నిమిషమైనా తమరి లెక్కలో ఉందా?

ఇదంతా ఒక ఎత్తు, తమరు మా ఇంట్లో పెట్టిన చిచ్చు ఒక ఎత్తు. ముంబై దగ్గర భివండిలో పవర్‌లూమ్ పని చేసుకునే మా మేనల్లుడు మిమ్మల్ని చూసి, “మామా, గంటన్నరే అంట! పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి వచ్చేస్తవ్ గదా” అన్నాడు. వాడి కొడుకు పుట్టువెంట్రుకలకు నేను పోలేకపోయాను. “గంటన్నర దారికి రాలేనోడు తమ్ముడెట్ల అయితడు?” అని మా అక్క ఫోనెత్తడం మానేసింది.

కాబట్టి తమరు ఆ అంకె కింద ‘ఎక్కే చోటికి చేరే సమయం ఇందులో కలపలేదు’ అని ఒక్క ముక్క రాయండి. రాయడం కుదరకపోతే భివండి దాకా పోయి మా అక్కకు తమరే నచ్చజెప్పండి. మీకెంత, గంటన్నర పని. కానీ ఆమె ముందు వంపు గీతలు గీయకండి, సాగవు.

ఇట్లు,
బస్టాండులో ఉన్న మీ ప్రయాణికుడు