కనుమ నాడు బిడ్డను కదల్చవచ్చునా?

ఈ ధనుర్మాసంలో కోనసీమలోని ఒక ఊళ్లో (పేరు చెబితే నాకు అక్కడ మళ్లీ మంచినీళ్లు పుట్టవు) పెద్దమనుషులు ఒక జంటను విడదీశారు. పెళ్లిళ్లకు పనికిరాని మాసం కాబట్టి విడాకులకు దివ్యంగా పనికివస్తుందని వారి లెక్క. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిన ఆ ఒప్పందాన్ని నేను ఆసాంతం చదివాను. మొదటి పుట నిండా సారె సామానే. బీరువా, ఫ్రిజ్, పందిరిమంచం, ఇత్తడి బిందెలు, ఆ బిందెల్లో సొట్టపోయినది ఏదో దాని ఆనవాలు. బంగారం కాసుల్లెక్కన రాశారు, బైకుకు నెంబరు వేశారు. రెండో పుటలో, కింది నుంచి నాలుగో పంక్తిలో, "సదరు దంపతులకు కలిగిన మైనరు ఆడపిల్ల ఒకరు" అని ఉన్నది. సొట్టబిందెకు దక్కిన ఆనవాలు ఆ పిల్లకు దక్కలేదు. పేరు కూడా రాయలేదు.

పేరు లేకపోతేనేం, ఆమెకు పండుగలు రాశారు. ఈ విషయంలో మన పెద్దల శ్రద్ధను శంకించేవాడికి కళ్లు పోతాయి.

పంపకం భోగితో మొదలయింది. ఐదేళ్లలోపు పిల్లల తలమీద భోగి సాయంత్రం రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర డబ్బులు కలిపి పోసే అధికారం అమ్మమ్మదా, నానమ్మదా అన్న మౌలిక ప్రశ్నను ఏ చట్టమూ ముట్టుకోలేదు గనుక దానికే ఒక పూట పట్టింది. చివరకు భోగి తల్లి వైపుకు, పెద్దలకు బట్టలు పెట్టుకునే రోజు కావడం వల్ల సంక్రాంతి తండ్రి వైపుకు ఖరారయ్యాయి. కనుమ నాడు పిల్లను తిరిగి తల్లికి అప్పగించాలని రాయబోతుండగా వెనకవరుసలోనుంచి ఎవరో, "కనుమ నాడు కాకైనా కదలదు కదండీ, పిల్లనెలా కదుపుతారండీ?" అన్నారు.

సభ స్తంభించింది. రాసేవాడు కలం ఎత్తేశాడు. కాకి సంగతి వేరు, పిల్ల సంగతి వేరని ఒకరు వాదించారు. రిటైరైన మాస్టారొకరు లేచి, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ల శివులైన ఏకాదశ రుద్రులే ప్రభలెక్కి కనుమ నాడు కదిలి వస్తుండగా నాలుగేళ్ల పిల్ల కదిలితే వచ్చే దోషమేమిటని నిలదీశారు. సభ ఆయన వైపు మొగ్గింది. అంతలో పిల్ల పెదనాన్న, "రుద్రులు సాయంత్రానికి ఎవరి గుడికి వారు చేరుకుంటారండీ, పిల్ల చేరుకోదు కదండీ" అనేసరికి మాస్టారు కూర్చున్నారు. పైగా ఆ రోజు అంబాజీపేట దారిలో జనాన్ని దాటుకుని బండి పోదని మరొకరు రవాణా కోణం లేవనెత్తారు. ముక్కనుమకు వాయిదా వేద్దామంటే తమ వాటాలో ఒక రోజు తరుగుతుందని తల్లి వైపువారు ఒప్పుకోలేదు. తరుగుకు బదులుగా శివరాత్రి ఇస్తామని, జాగారం ఉంటుంది గనుక దానిని రెండు రోజుల కింద జమకట్టుకోవాలని తండ్రి వైపువారు ప్రతిపాదించారు. నాలుగేళ్ల పిల్ల చేత జాగారం ఎవరు చేయిస్తారని ఎవరూ అడగలేదు. ఆ లెక్కే కాగితం మీదికి ఎక్కింది.

రెండో పంట దాళ్వాకు గోదావరిలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులు పెట్టుకుని బతికిన ప్రాంతం మనది. పిల్లకూ అదే పద్ధతి పెట్టారు. కాకపోతే వంతు మారేటప్పుడు చేను తడిసిందో లేదో కాలువ నీళ్లు చూసుకునే లస్కరు గట్టు మీద నిలబడి ఒకసారి చూస్తాడు. ఈ పిల్లకు చలికాలం వస్తే పిల్లికూతలు. ఫ్రిజ్ ఏ ఇంటికి పోవాలో రాసిన కాగితంలో నెబ్యులైజర్ ఏ ఇంట్లో ఉండాలో లేదు. భోగిమంట పొగలో నిలబడే రోజు ఎవరిదో మాత్రం ఉన్నది.

చట్టం విషయంలోనూ పెద్దమనుషులు వెనకబడి లేరు. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్ చెబుతుందని వారు విన్నారు. విని, ఐదో పుట్టినరోజు నాడు కేకు కోసిన వెంటనే పిల్ల తండ్రికి చెందునని రాశారు. అదే చట్టంలోని పదమూడో సెక్షన్‌లో బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని ఉన్న సంగతి వారి చెవిదాకా రాలేదు. "ఇప్పుడంతా జాయింటు కస్టడీ అండీ" అని ఫోనులో చూసినాయన కూడా అక్కడే ఉన్నాడు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి సంరక్షణను సూచించిన మాట నిజమే. బిడ్డకు మేలయ్యే పక్షంలోనే అని, చదువు, వైద్యం వంటివి ఎలా నడపాలో తల్లిదండ్రులు ముందే ఒక ప్రణాళికగా రాసుకోవాలని కూడా అందులో ఉన్నది. ఆయన ఫోను అంత దూరం జరపలేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పెద్దాయన ఆ పిల్లను అరుగు మీదికి పిలిచి, చేతిలో చాక్లెట్టు పెట్టి, పాతిక మంది ఎదుట, తల్లి ఒక స్తంభం దగ్గర, తండ్రి మరొక స్తంభం దగ్గర నిలబడి ఉండగా, "బుజ్జమ్మా, అమ్మ దగ్గరుంటావా, నాన్న దగ్గరుంటావా?" అని అడిగాడు. "ఇద్దరి దగ్గరా" అన్నది పిల్ల. "అలా కుదరదమ్మా, ఒకటి చెప్పాలి" అన్నాడాయన. పిల్ల చాలాసేపు చాక్లెట్టు కాగితాన్ని మడతలు పెట్టి, "దూడ దగ్గర" అన్నది. దూడ ఎవరి పాకలో ఉన్నదో విచారించి దానిని తండ్రి పక్షాన సాక్ష్యంగా స్వీకరించారు.

సిగ్గుండాలి. తెల్లదొర 1890లో చేసిన సంరక్షకుల చట్టం కూడా, బిడ్డ తెలివితో ఆలోచించి ఎంచుకోగల వయసుకు వస్తేనే ఆ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చునన్నది. అప్పుడైనా జడ్జిగారు సాధారణంగా బిడ్డను తన గదిలోకి పిలిచి, తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి మాట్లాడతారు. నాలుగేళ్ల పిల్ల చేత తల్లినో తండ్రినో నలుగురిలో కాదనిపించే హక్కు నీకెవరిచ్చారయ్యా? నీ మనవరాలిని అలా నిలబెట్టి అడగనిస్తావా? ఆ తల్లీ తండ్రీ మాత్రం, బిందెల దగ్గర అంతసేపు గొంతు చించుకున్నవారు, ఆ ప్రశ్న దగ్గర ఒక్కరైనా "ఆపండి" అనలేకపోయారు.

చివరి పంక్తిలో "బిడ్డ పోషణ నిమిత్తం ఏ విధమైన భరణమూ కోరను" అని తల్లి చేత సంతకం చేయించారు. పోషణ బిడ్డ హక్కు. తల్లి సంతకంతో అది పోదు. దాని కింద ఎనిమిది మంది సాక్షి సంతకాలు ఉన్నాయి.

ఆ కాగితం పట్టుకుని అమలాపురంలో ఒక వకీలు గారి దగ్గరికి వెళ్లారు. కులాచారం ప్రకారం విడాకుల ఆనవాయితీ ఉన్నదని రుజువైతే తప్ప పెద్దమనుషుల కాగితంతో పెళ్లి రద్దుకాదని, ఇద్దరూ ఇష్టపడితే కోర్టులో దరఖాస్తు చేసుకోవాలని, పిల్ల విషయంలో ఇందులో రాసినదేదీ కోర్టును కట్టడి చేయదని, కోర్టు ఇచ్చిన ఏర్పాటును కూడా బిడ్డ అవసరాన్ని బట్టి తరువాత మార్చుకోవచ్చునని ఆయన చెప్పారు. పెద్దమనుషులు చాలా నొచ్చుకున్నారు. ఉగాది లోపల మళ్లీ కూర్చోవాలని నిర్ణయించారు. శివరాత్రి లెక్కలో మాత్రం మార్పు ఉండదని తండ్రి వైపువారు ఇప్పటినుంచే చెప్పిపెట్టారు.