సభల్లో కాదు, ఇళ్లలోనే వేయండి

గుంటూరులో డాక్యుమెంటరీ ప్రదర్శన అనగానే ముందు హాలు, తర్వాత ముఖ్య అతిథి గుర్తొస్తారు. ‘ది ఇన్విజిబుల్ వార్’కు ఆ పద్ధతి పనికిరాదు. అమెరికా సైన్యంలో తోటి సైనికుల చేతుల్లోనే అత్యాచారాలకు గురైనవాళ్లు కెమెరా ముందుకొచ్చి మాట్లాడిన సినిమా అది, 2012లో వచ్చింది. దాన్ని ఇంట్లో, తెలిసినవాళ్ల మధ్యే వేయాలి. సభలో మైకు అందుకునేది మాట్లాడటం అలవాటైనవాళ్లే. ఇంట్లో అయితే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసే ఆవిడ కూడా నోరు విప్పుతుంది.

బ్రాడీపేటలో ఓ స్నేహితురాలి ఇంట్లో ఈమధ్య అలాగే వేశారు. పిల్లల్ని పై వాటాలోకి పంపేసి, ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించారు. ఇంగ్లీషు రానివాళ్ల పక్కన కూర్చుని ఒకావిడ మెల్లగా తెలుగులో చెబుతోంది. కోస్ట్ గార్డ్‌లో పనిచేసి, దాడిలో దవడ దెబ్బతిన్న మహిళ వైద్యం కోసం ప్రభుత్వ శాఖకు ఫోన్ చేసి లైన్లో ఎదురుచూసే దృశ్యం వచ్చేసరికి, ఆవిడ చెప్పడం ఆపేసింది. సినిమా అయ్యాక, కూతుర్ని నేషనల్ డిఫెన్స్ అకాడమీ కోచింగ్‌లో చేర్చిన ఓ తల్లి అడిగింది: “రేపు మా అమ్మాయికి ఏదైనా అయితే ఎవరికి చెప్పుకోవాలండీ?”

సినిమా మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. 2010లో అమెరికా సైన్యంలో దాదాపు 19,000 లైంగిక దాడులు జరిగి ఉంటాయని ఆ దేశ రక్షణ శాఖ పెంటగానే అంచనా వేసింది. ఫిర్యాదుల దాకా వచ్చినవి మూడు వేల పైచిలుకు. మిగతావాళ్లు ఎందుకు నోరెత్తలేదు? కేసు పెట్టాలా వద్దా అని అప్పట్లో తేల్చేది కమాండరే. నిందితుడు ఆయన కింద పనిచేసేవాడు, కొన్నిసార్లు ఆయన స్నేహితుడు, కొన్నిసార్లు ఆయనే. అప్పటి రక్షణ మంత్రి లియోన్ పనెటా ఈ సినిమా చూసిన రెండు రోజులకే ఆ అధికారాన్ని యూనిట్ కమాండర్ల నుంచి పైస్థాయి అధికారులకు మార్చారు. అదీ చాల్లేదు. 2021 చివర్లో చట్టం మార్చి, 2023 డిసెంబరు నుంచి అత్యాచారం లాంటి కేసుల నిర్ణయాన్ని కమాండర్ల చేతిలోంచి తీసి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు అప్పగించారు.

మన దగ్గర? 1950 నాటి ఆర్మీ చట్టం 125వ సెక్షన్ తీసి చూడండి. ఒక నేరం అటు క్రిమినల్ కోర్టులోనూ, ఇటు సైనిక న్యాయస్థానమైన కోర్టు మార్షల్‌లోనూ విచారించదగ్గదైతే, ఎక్కడ నడపాలో తేల్చేది నిందితుడు పనిచేసే డివిజన్ లాంటి దళానికి కమాండరైన సైనికాధికారే. అమెరికా పదేళ్లు కొట్లాడి వదిలించుకున్న జబ్బుకు ఇది దగ్గరి చుట్టం. నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. 2025 మేలో తొలి బ్యాచ్‌లో 17 మంది బయటికొచ్చారు. తలుపులు తెరిచారు సరే, ఫిర్యాదు దారి మాత్రం మార్చలేదు.

అమెరికా గొడవ మనకెందుకు, ఇలాంటివి చూపిస్తే జవాన్ల మనోబలం దెబ్బతింటుంది, ఆడపిల్లలు భయపడి వెనక్కి తగ్గుతారు అనేవాళ్లున్నారు. సినిమాలో మాట్లాడినవాళ్లంతా యూనిఫాం మీద ప్రాణం పెట్టుకుని చేరినవాళ్లే. వాళ్ల మనోబలాన్ని దెబ్బతీసింది సినిమా కాదు.

నిజానికి ఇది సైన్యంతో ఆగే సంగతి కాదు. తన మనిషి మీద తానే విచారణ జరిపే ప్రతి వ్యవస్థా ఇంతే. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమని కూడా అదే తీర్పులో చెప్పింది. దర్యాప్తు చేసిందీ పోలీసులే కదా! ఇంకా దగ్గరికి వస్తే, మన కాలేజీల్లో, ఆఫీసుల్లో, పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం కింద వేయాల్సిన అంతర్గత కమిటీలు. పదిమంది ఉద్యోగులున్న ప్రతి చోటా ఉండాలి. సభ్యులను నియమించేది యాజమాన్యమే. బయటి సభ్యురాలు ఒక్కరు. సెక్రటరీ గారి బావమరిది మీద ఫిర్యాదు వస్తే ఆ కమిటీ ఏం తేలుస్తుందో విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు నేను చెప్పాలా? “అమ్మాయి భవిష్యత్తు చూసుకోండి” అనే మాట విననివాళ్లెంతమంది?

అందుకే ఇళ్లలో వేయండి. పదిమందికి మించి పిలవకండి. మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే ఎందుకని అడగకండి, వెంటనే చర్చ మొదలుపెట్టకండి, కాఫీలిచ్చి కాసేపు ఊరుకోండి. ఫిర్యాదు వినే అధికారం నిందితుడి పైఅధికారి చేతిలో ఉండకూడదని, 125వ సెక్షన్‌ను సవరించాలని మన ఎంపీకి ఓ ఉత్తరం ముందే రాసి పెట్టుకోండి. ఇష్టమైనవాళ్లు వెళ్లేముందు సంతకం పెడతారు.