ఫుర్మింట్‌కు సున్నా, అసూకు ఇరవై

పోయిన అక్టోబరులో మన సంఘం బస్సు మాట్లాడుకుని హంగేరీలో వైన్‌కు పేరున్న టోకాయి ప్రాంతానికి వెళ్ళొచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు. వాటిలో కనపడని ఒక్క నిమిషం గురించి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఉగాది తర్వాత కార్యవర్గంలో ‘ఇక మీదట వైన్ యాత్రలు వద్దు’ అని తీర్మానం పెట్టారు కాబట్టి ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మాడ్ ఊళ్ళో చిన్న వైనరీ అది. తల్లీ కొడుకూ నడుపుకుంటారు. నేలమాళిగ గోడల నిండా నల్లటి బూజు, ముట్టుకుంటే దూదిలా మెత్తగా. అక్కడ దాన్ని ఎవరూ తుడవరు, సెల్లార్‌కు అదే కళ. ఆవిడ తమ తోటల వైన్లే ఆరు రకాలు వరసగా పోస్తానన్నారు. మనవాళ్ళు ఒక్కో వైన్‌కు ఇరవైకి ఇన్ని అని మార్కులు వేసే కాగితాలు ముందే ప్రింట్ చేసి తెచ్చారు.

మొదటిది ఫుర్మింట్ అనే తెల్ల ద్రాక్షతో చేసిన తీపి లేని వైన్. నిమ్మతొన కొరికినంత పులుపు, వెనకాల దోరజామ వాసన. అది ఏ కొండవాలు తోటదో, కింద అగ్నిపర్వతపు రాయి నేల ఎలాంటిదో ఆవిడ చెబుతూనే ఉన్నారు. వెనక బల్ల దగ్గర ఒకాయన సంచీలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి ఆ గ్లాసు నిండా పోసుకున్నాడు. పక్కవాళ్ళూ గ్లాసులు చాపారు. ఆవిడ మాట ఆపేశారు. చేతిలో సీసా అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత ఏమీ జరగనట్టే రెండోది పోశారు.

వైన్‌లో ఏదో కలపడమే తప్పని నేననను. హంగేరీ వాళ్ళే వేసవిలో వైన్‌లో సోడా కొట్టుకుని ఫ్రొచ్ అని తాగుతారు. కుర్రాళ్ళు రెడ్ వైన్‌లో కోలా కూడా కలుపుతారు. కానీ మనిషి ఎదురుగా నిలబడి తన పంట గురించి చెబుతుంటే, ఒక్క గుక్కైనా చూడకుండా కలపడం వేరు. వడ్డించినావిడ కళ్ళముందే, నోట పెట్టకుండా పప్పులో ఉప్పు గుమ్మరించుకున్నట్టు.

చివర్లో కాగితాలు పోగుచేసింది నేనే. ఫుర్మింట్‌కు సున్నాలు, రెండులు. అసూ అనే తీపి వైన్‌కు ఇరవైకి ఇరవై. నాకు ఎక్కువ బాధేసింది అక్కడే. ఆ అసూలోనూ ఉన్నది ప్రధానంగా ఆ ఫుర్మింట్ ద్రాక్షే! కొండల పక్కన బొద్రోగ్, తీసా నదులు కలుస్తాయి. శరత్కాలంలో పొద్దున్నే ఆ నీళ్ళ మీది పొగమంచు తోటల్లోకి పాకుతుంది, మధ్యాహ్నం ఎండ కాస్తుంది. పండుకు బోట్రైటిస్ అనే బూజు పట్టి, నీరు ఇగిరి ద్రాక్ష వడిలిపోతుంది. వాటిని ఒక్కొక్కటిగా చేత్తో ఏరాలి. వీపున మోసే గంప పేరు పుత్తొన్య్, సుమారు 25 కిలోలు. 136 లీటర్ల పీపా వైన్‌లో ఎన్ని గంపల పండు కలిపితే అది అన్ని పుత్తొన్యోష్ అన్నది పాత లెక్క. 2013లో మారిన నిబంధనల ప్రకారం అసూ అనాలంటే లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలి. అంత తీపి పాకంలా ముఖం మొత్తకుండా నిలబడేది ఆ పులుపు వల్లే. మనం సున్నా వేసింది దానికి.

నేను ఫుర్మింట్‌కు 16, ఐదు పుత్తొన్యోష్‌కు 18, ఆరుకు 17 వేశాను. ఐదులో ఖుబానీ కా మీఠా గుర్తొచ్చింది, నారింజ తొక్క చేదు కూడా కాస్త. ఆరులో తీపి ముందు నడిచి పులుపు వెనకబడింది. అన్నీ ఒకే చేతి వైన్లు కాబట్టి తేడా ద్రాక్షదో, ఏడాదిదో, తీపిదో పట్టుకోవడం కుదిరింది.

ఇదేమీ మనకు రాని విద్య కాదు. మాది నల్లగొండ వైపు. మా తాత చెట్టు కింద కూర్చుని, గౌడన్న కల్లు లొట్టి వంచితే రెండు చేతులా రేక పట్టి, మొదటి గుక్క నోట్లోనే నిలిపి, “ఇది కట్ట మీది చెట్టుది కాదు గౌడన్నా” అనేవాడు. గౌడన్న నవ్వి ఒప్పుకునేవాడు. ఆ నాలుకలు మనకు లేకుండా పోయాయి. తలుపేసుకుని, ఎక్కిందా లేదా అన్న ఒక్క కొలతతో తాగడమే మిగిలింది.

వద్దనేవాళ్ళ మాటలోనూ న్యాయముంది. ఆ రోజు ద్రాక్షరసం గ్లాసు పట్టుకుని కూర్చున్న ఒక అక్కను “ఒక్క గుక్కే కదా” అని నలుగురు వేధించారు. ఆమె చివరికి బస్సులోకి వెళ్ళి కూర్చుంది. కూల్‌డ్రింక్ కన్నా అది పెద్ద తప్పు. ఆమెకు మనం క్షమాపణ బాకీ.

అయినా యాత్ర ఆపకండి. వచ్చే కోతల కాలానికి పన్నెండు మందే వెళ్దాం. ఇష్టమున్నవాళ్ళే రండి. మార్కు పక్కన కారణం రాయనిదే కాగితం తీసుకోవద్దు. ముందుగా మాడ్‌కు ఒక ఉత్తరం పంపాలి. హంగేరియన్‌లో రాసి, ఇక్కడి స్నేహితురాలితో తప్పులు దిద్దించి పెట్టుకున్నాను. కింద అధ్యక్షుల వారి సంతకం కోసం చోటు వదిలాను.