మైనింగ్‌కి వాడామని చెబితే ఏం పోతుంది?

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు అమ్మేవాళ్లు దాన్ని మైనింగ్‌కి, అంటే ఆగకుండా లెక్కలు చేయించి క్రిప్టోకరెన్సీ సంపాదించడానికి, వాడిన సంగతి దాచిపెడుతుంటే ఒళ్లు మండుతోంది. "గేమ్స్‌కే వాడాం, అదీ ఎప్పుడైనా" అంటారు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ అక్కర్లేని 'ప్రూఫ్ ఆఫ్ స్టేక్' పద్ధతికి మారాక, పని లేకుండా పోయిన కార్డులు కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. అమ్ముకోవడం తప్పని నేననను. మైనింగ్ కార్డులన్నీ పాడైపోయినవీ కావు. చాలామంది కరెంటు ఆదా కోసం వోల్టేజీ తగ్గించే నడిపారు, చిప్ బాగానే ఉండొచ్చు.

కానీ ఇథీరియం మైనింగ్ భారం ఎక్కువగా పడేది మెమరీ మీద. రాత్రీ పగలూ తిరిగిన ఫ్యాన్ల బేరింగులు అరుగుతాయి, వేడిని బయటికి లాగే థర్మల్ ప్యాడ్లు ఎండిపోతాయి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డుల్లోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ అసలే వేడెక్కే రకం. అది 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కొన్ని మైనింగ్ కార్డుల్లో బయోస్ (కార్డుని నడిపే లోపలి ప్రోగ్రామ్) కూడా మార్చేసి ఉంటుంది. దుమ్ము దులిపి, తళతళా తుడిచి ఫొటో పెడితే ఇవన్నీ కొనేవాడికి ఎలా తెలుస్తాయి? కార్డుకి గట్టి పని పెట్టి టెంపరేచర్ చూపించమంటే టైమ్ లేదంటారు! ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. ప్యాడ్లూ థర్మల్ పేస్టూ మార్చుకునే ఖర్చు లెక్కేసుకునే కొంటాం.