మా డాబా మీది ఊదా లైటుకు బహిరంగ లేఖ

శ్రీయుత ఊదా ఫోకస్ లైటు గారికి,
నీళ్ళ ట్యాంకు పక్కన, మా డాబా, హనుమకొండ
(ప్రస్తుతం ఎదురింటి షామియానా కట్టెకు)

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు అక్కడ మామిడాకుల తోరణం పక్కన వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని మా కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

2025 ఏప్రిల్ 17, గురువారం, పొద్దున ఏడున్నరకు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మన శాక్రమెంటో కింగ్స్ మ్యాచ్. వాళ్ళు గెలిస్తేనే కదా తమరికి వెలుగు. ఆఫీసుకు ఫోన్ చేసి కడుపులో బాగాలేదని మధ్యాహ్నం దాకా పర్మిషన్ అడిగాను. అబద్ధమాడానే అని కాసేపు బాధపడ్డాను గానీ, రెండో క్వార్టర్ అయ్యేసరికి అది నిజమే అయింది. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు, శాక్రమెంటో కింగ్స్ 106, డాలస్ 120. పోనీ ఆ డాలస్ ఏమన్నా పులులా? సీజన్ మొత్తానికి 39 మ్యాచ్‌లు గెలిచినవాళ్ళు. ఫిబ్రవరిలో తమ స్టార్ ఆటగాడు డాంచిచ్‌ని వదిలేసుకుని సొంత ఊరివాళ్ళతోనే తిట్లు తింటున్నవాళ్ళు. (ఆ డాంచిచ్‌ని 2018 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, రెండో వంతు చేతిలో ఉండి కూడా తీసుకోనిది ఎవరో ఇక్కడ రాయను. తమరికి తెలుసు.)

అంతవరకూ ఓర్చుకున్నాను. సాయంత్రం ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చాడు.

"సార్, మీ ఊదా లైటు ఎట్లాగు ఎలుగుతలేదు గద. ఆదివారం మా బిడ్డ శారీ ఫంక్షన్ ఉన్నది. రెండు రోజులు ఇస్తరా?"

ఎట్లాగు ఎలుగుతలేదు గద! ఏమనమంటారు నన్ను? వెలగకపోవడానికి బల్బు కారణం కాదు, మా టీమ్‌లో సబోనిస్ పక్కన ఎవరూ డిఫెన్స్ ఆడకపోవడం కారణమని ఆయనకు చెప్పనా? ఇచ్చేశాను.

తమరు మా ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? శాక్రమెంటోవాళ్ళు గెలిచినప్పుడల్లా స్టేడియం కప్పు మీంచి ఆకాశంలోకి ఊదా కిరణం వదలడం మొదలుపెట్టిన సీజన్ అది. జనం 'లైట్ ది బీమ్' అని అరుస్తుంటే నాకిక్కడ పూనకం వచ్చింది. చౌరస్తాలో ఒక షాపాయన ఊదా అని చెప్పి రెండుసార్లు గులాబీ రంగు అంటగట్టాడు. మూడోసారికి తమరు దొరికారు. తీరా బిగించాక తెలిసింది, అక్కడ రాత్రి గెలిస్తే ఇక్కడ పొద్దున పది. ఓరుగల్లు ఎండలో తమరు వెలిగినా ఒకటే, ఆరినా ఒకటే. అందుకని గెలుపును పొద్దంతా దాచిపెట్టుకుని చీకటి పడ్డాక స్విచ్ వేసేవాణ్ణి. "పొద్దుగాల అయిపోయిన పెండ్లికి రాత్రి బాజాలా?" అని మా ఆవిడ.

అయినా ఆ ఏడు ఆ ముచ్చటే వేరు. 48 గెలుపులు, వెస్ట్‌లో, అంటే లీగ్‌లోని పడమటి సగంలో, మూడో స్థానం. 16 సీజన్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం ఆడే పోటీ) మొహం చూడని టీమ్, ఎన్‌బీఏ చరిత్రలోనే అంత పొడుగు కరువు ఇంకోటి లేదు, అలాంటిది వాన పడ్డట్టు పడింది. మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ టీమ్ కర్రీ ఒక్కడే 50 పాయింట్లు కొట్టి ఇంటికి పంపినా నేను దిగులుపడలేదు. ఎదుగుతున్న టీమ్ కదా అన్నాను మా బామ్మర్దితో.

మరుసటి ఏడు 46. తొమ్మిదో స్థానం. వెస్ట్‌లో పోటీ పెరిగిందిరా, అన్నాను. రెండు తగ్గితే తగ్గడమా? ఈ ఏడు 40. వాడు ఫోన్ చేశాడు.

"బావా, ఒక్కటే చెప్పు. మీ టీమ్ ఎదుగుతున్నదా, ఆగిపోయిందా?"

ఆగిపోతే 48 దగ్గరే ఆగేది గదరా! ఆగిపోవడం కూడా ఒక భాగ్యమే. ఏటా 48 గెలిచి మొదటి రౌండ్లోనే ఇంటికొచ్చే టీమ్ ఉంటే ఈ జన్మకు నాకది చాలు.

ఈ 2025లో మనూళ్ళో భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడిక తీస్తున్నారు. చెరువు బోసిపోయినా లారీల్లో మట్టి పోవడం కంటికి కనబడుతుంది. మన కింగ్స్ దగ్గరేమయిందంటే, చెరువు ఖాళీ చేసి, చేపలు పక్క ఊళ్ళకిచ్చేసి, పూడిక మాత్రం జాగ్రత్తగా ఉంచుకున్నారు. మంచి ఆటగాడు హాలిబర్టన్‌ని 2022లో ఇండియానా టీమ్‌కు పంపారు. సరే, బదులుగా సబోనిస్ వచ్చాడు, 2025 దాకా వరుసగా మూడేళ్ళు లీగ్ రీబౌండ్లలో (గురి తప్పిన బంతిని అందుకోవడంలో) ఆయనే మొదటివాడు, దాన్ని తప్పు పట్టను. ఫాక్స్‌ని 2025 ఫిబ్రవరిలో సాన్ ఆంటోనియోకి పంపారు. 2017లో చిన్నపిల్లాడిగా వచ్చి కరువు చివరి ఐదేళ్ళూ అనుభవించినవాడు. సరే, అదీ మింగాను.

కోచ్ మైక్ బ్రౌన్‌ని తీసేయడం మాత్రం మింగలేను. అన్నేళ్ళలో వచ్చిన కోచ్‌ల పేర్లు నాకే గుర్తులేవు. చివరికి ఒక్కడు దొరికాడు. వచ్చిన మొదటి సీజన్లోనే కరువు తీర్చాడు. కోచ్ ఆఫ్ ది ఇయర్‌కు ఓటు వేసిన ప్రతి ఒక్కరూ మొదటి ఓటు ఆయనకే వేశారు, ఆ అవార్డు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. 2024 వేసవిలో కాంట్రాక్టు పొడిగించారు. డిసెంబరు 27న తీసేశారు. ఏడు నెలలయినా నిండలేదు! 13 గెలుపులు, 18 ఓటములు, అదీ ఆయన నేరం. మా కాలనీలో వాచ్‌మన్‌ని మానిపించాలన్నా నెల ముందు చెప్తాం. నారు పోసి, నెల తిరక్కుండా పీకి వేరు చూసి, మళ్ళీ నాటి, "ఏపు లేదేంది" అనే రైతుని ఎక్కడైనా చూశావా నువ్వు? నేను చూశాను. గురువారం ఓడగానే జనరల్ మేనేజర్‌నీ సాగనంపారు. ఇక కొత్తాయన వస్తాడు, మళ్ళీ కొత్త నారు, మళ్ళీ నేను "ఎదుగుతున్నాం" అనాలి, వాడు నవ్వాలి!

క్షమించాలి. తమరు అనబోయి నువ్వు అన్నాను. నువ్వనే ఉంచుతాను, ఇన్నేళ్ళయింది మనకు.

నిన్న రాత్రి ఫంక్షన్లో నువ్వు ఐదు గంటలు ఆపకుండా వెలిగావు. మా డాబా మీద ఒక్కసారైనా అంతసేపు వెలిగావా? భోజనం చేసి వచ్చేస్తుంటే వాళ్ళ చిన్నోడు నన్నాపాడు. స్విచ్ వేసినప్పుడల్లా మెట్లెక్కి పైకొచ్చేవాడే. నీవైపు చూపించి, "అంకుల్, గెలిచినమా?" అన్నాడు.

"ఆఁ," అన్నాను.

ఎవరి మీద అని వాడు అడగలేదు. బుధవారం లోపల తిరిగొచ్చెయ్. వచ్చేటప్పుడు ఆ బంతిపూలు విదిలించుకుని రా.

ఇట్లు,
స్విచ్ దగ్గర నిలబడే మనిషి